గట్టు మీద పదకొండు టేకు చెట్లు

కృష్ణా డెల్టాలో అడవి లేదు. అయినా నేను ముప్పై రెండేళ్ళు అటవీ శాఖలో ఉద్యోగం చేశాను. అందులో చివరి తొమ్మిదేళ్ళు ఈ డెల్టాలోనే గడిపి, రిటైరై, ఇప్పుడు బెంజ్ సర్కిల్ వెనక సందులో మూడో అంతస్తు ఫ్లాటులో హాయిగా ఉన్నాను. పెళ్ళిళ్ళలో కలిసిన చుట్టాలు ఇప్పటికీ "పులిని ఎప్పుడైనా దగ్గర్నుంచి చూశావా?" అని అడుగుతుంటారు. నేను దగ్గర్నుంచి చూసినవి దరఖాస్తులు. వాటిలో కొన్ని పులులకేమీ తీసిపోవు.

ఆ మధ్య కొత్తగా సెక్షన్ ఆఫీసర్లుగా చేరిన అమ్మాయిలు ఇద్దరు మా ఇంటికి వచ్చారు. కాఫీలు తాగాక, "మేడం, మీ సర్వీసులో మీరు సాధించిన పెద్ద కేసు ఒకటి చెప్పండి" అన్నారు. సాధించినవి ఎవరైనా చెబుతారు. రిటైరైన వాళ్ళని అడిగితే అడగనివి కూడా చెబుతారు. అందుకని నేను తప్పు చేసిన కేసు చెప్పాను. విన్నాక వాళ్ళు దీన్ని రాసిపెట్టమన్నారు. వాళ్ళ కోసమూ, వాళ్ళ తర్వాత వచ్చేవాళ్ళ కోసమూ రాస్తున్నాను.

డెల్టాలో మా పనిలో సగం సొంత పొలాల్లోని చెట్లతోనే. "నా పొలం, నా చెట్టు, నేనే నాటాను, మధ్యలో మీ అనుమతి ఏమిటండీ?" అని వారానికొకరైనా నా బల్ల మీద చెయ్యి చరిచి అడిగేవారు. సరుగుడు, సుబాబుల్, జామాయిల్ లాంటి కొన్నిటికి అనుమతి అక్కర్లేదు. టేకుకు కావాలి. దరఖాస్తు పెట్టాలి, పొలం తనదేనని కాగితాలు చూపాలి, మేము వెళ్ళి కొలత తీసుకుని ముద్ర వెయ్యాలి, అనుమతి చేతికి వచ్చాక నరుక్కోవాలి, నరికినదానికి బదులు మొక్కలు నాటాలి. అడిగినవాళ్ళకు ఇదంతా ఓపిగ్గా చెప్పేదాన్ని. ఓపిక అయిపోయిన రోజు నేనూ బల్ల చరిచేదాన్ని.

ఒక విషయంలో మాత్రం నాకు గర్వం ఎక్కువ. కొలత. మనిషి ఛాతీ ఎత్తున చెట్టు చుట్టూ టేపు తిప్పి చదవడమే పని, కానీ అందులో వంద దొంగతనాలు జరుగుతాయి. టేపు వాలుగా పట్టుకుంటారు, బుడిపె మీద పెడతారు, వదులుగా వదిలేస్తారు. నేను అలాంటివి ఒప్పుకునేదాన్ని కాదు. నేను కొలిచిన చెట్టును మళ్ళీ ఎవరు కొలిచినా సెంటీమీటరు తేడా రాలేదు. ఈ సంగతి నేను చాలామందికి చాలాసార్లు చెప్పాను. మా ఆఫీసులో వాళ్ళు నేను టేపు తియ్యగానే ఒకళ్ళ మొహాలొకళ్ళు చూసుకునేవారని తర్వాత తెలిసింది.

రిటైర్మెంటుకు ఏడాదిన్నర ముందు, ఉయ్యూరులో పనిచేసే హైస్కూలు మాస్టారు ఒకాయన దరఖాస్తు పెట్టుకున్నారు. చల్లపల్లి వైపు ఒక ఊళ్ళో ఆయనకు ఎకరన్నర పొలం ఉంది, దాని గట్టు మీద పదకొండు టేకు చెట్లు ఉన్నాయి. ఉయ్యూరులో ఇల్లు కట్టుకుంటున్నారు, తలుపులకూ గుమ్మాలకూ కలప కావాలి. కాగితాలు ఒక్కటీ తక్కువ లేవు. మాస్టార్ల దరఖాస్తులు ఎప్పుడూ అంతే, మనకు వంక పెట్టే సందు ఇవ్వరు.

తనిఖీకి నేనూ మా బీట్ ఆఫీసరూ వెళ్ళాం. బీట్ ఆఫీసరు నాకంటే హోదాలో చిన్న, వయసులో ఆరు నెలలు పెద్ద. పొలంలో దిగగానే నేను చెట్టు వైపు చూస్తే ఆయన మనుషుల వైపు చూసేవాడు. మాస్టారు, ఆయన భార్య అప్పటికే గట్టు మీద ఉన్నారు. ఆవిడ ఒక్కో చెట్టునూ తడుముతూ మాతోపాటే నడిచింది.

"పెళ్ళైన కొత్తలో వేశామండి ఇవి. మొదటి రెండు వేసవులూ నేనే బిందెలతో నీళ్ళు పోశాను. తర్వాత ఈయనకి ఉద్యోగం వచ్చి ఉయ్యూరు వెళ్ళిపోయాం. ఇప్పటికి ఏడు అద్దె ఇళ్ళు మారామండి. సామాను సర్దినప్పుడల్లా ఈయనతో అనేదాన్ని, మన గుమ్మం పొలంలో పెరుగుతోందిలెండి అని" అంది.

రోడ్డు వైపున్న ఏడు చెట్లూ సన్నంగా పైకి సాగాయి. పొలాలకు నీళ్ళు తెచ్చే బోదె దగ్గరున్న నాలుగూ మాత్రం దిట్టంగా ఉన్నాయి. వడ్రంగి ముందే వచ్చి చూసి, సింహద్వారానికి ఆ నాలుగే పనికొస్తాయనీ, మిగతావి కిటికీలకు సరిపోతాయనీ తేల్చి చెప్పాడట. ఫాల్గుణంలో గుమ్మం ఎత్తడానికి ముహూర్తం పెట్టించారు. కోసిన కలప మూడు నెలలైనా నీడన ఆరాలి కాబట్టి వరి కోతలు కాగానే చెట్లు పడాలి. అప్పటికే పునాది లేచి, గుమ్మం కోసం పని ఆగి ఉంది. అద్దె ఇంటివాళ్ళు ఖాళీ చెయ్యమంటున్నారు. మేస్త్రీ "విజయవాడలో రెడీమేడ్ గుమ్మాలు దొరుకుతాయి కదమ్మా" అంటే ఆవిడ అతనితో రెండు రోజులు మాట్లాడలేదట.

నేను టేపు తీశాను. అప్పుడు మాస్టారు కొంచెం నసుగుతూ అడిగారు.

"మేడంగారూ, పక్క చేను మా అన్నయ్యదండి. పెదనాన్నగారి అబ్బాయి. ఆయన్ని కూడా పిలవాలంటారా?"

"పిలవాలనే నేనూ అంటున్నానండి" అంది ఆవిడ వెంటనే.

బీట్ ఆఫీసరు కూడా గొంతు సవరించుకుని, "ఓ మాట చెప్తే పోలేదా మేడం, ఇక్కడే ఉంటాడు" అన్నాడు.

నాకు చిరాకేసింది. కొలత మొదలుపెట్టాక మాటలు నాకు నచ్చవు. "పాస్ పుస్తకం ఎవరి పేరున ఉంది? మీ పేరున. దరఖాస్తు ఎవరిది? మీది. మధ్యలో పక్క చేను వాళ్ళతో నాకేం పని? రూల్సులో ఎక్కడా లేదు" అన్నాను. మాస్టారి మొహం ఒక్కసారి తేలికపడింది. ఆవిడ మొహం అలా లేదు. నేను రెండూ చూశాను, చూసి టేపు తిప్పాను. పదకొండు చెట్లు కొలిచి, బెరడు చెక్కి, సుత్తితో ముద్రలు వేయించాను. కొలతలు దివ్యంగా వచ్చాయి. రెవెన్యూ కాగితం మీద "హద్దులు సరిగా ఉన్నవి" అని సంతకం ఉంది. దాని కింద నా సంతకం పెట్టాను.

ఆ అన్నదమ్ములిద్దరికీ పన్నెండేళ్ళుగా మాటల్లేవని తర్వాత తెలిసింది. ఒక ఎండల కాలంలో నీళ్ళ వంతు దగ్గర మాటా మాటా పెరిగింది. ఆ ఊళ్ళో ఒక పద్ధతి ఉంది. గట్టు మీది చెట్టు నరికేముందు పక్క చేను ఆసామిని పిలిచి చెప్పాలి. మాను నాటినవాళ్ళది, కొమ్మలు నీడ పడిన చేను వాళ్ళవి. టేకు నీడలో వరి సరిగా ఎదగదు కదా, అందుకన్నమాట. ఇది ఏ చట్టంలోనూ లేదు. మాస్టారికి ఈ పద్ధతి తెలుసు. భార్య నెల రోజులుగా పోరుతుంటే, వెళ్ళాలా వద్దా అని ఊగిసలాడుతూ ఉన్నారు. "ఆఫీసరుగారే అక్కర్లేదన్నారు" అనే మాట ఆయనకు కావలసి వచ్చింది. అది నేను ఇచ్చాను, అడిగిన దానికంటే గట్టిగా ఇచ్చాను.

కోతలయ్యాయి, అనుమతి వచ్చింది. చెట్లు నరికే రోజు మేము ఉండాలన్న నిబంధన లేదు. అటువైపు వేరే పని ఉండి, బీట్ ఆఫీసరూ నేనూ బండి ఆపి చూస్తున్నాం. కూలీలు రోడ్డు వైపు నుంచి మొదలుపెట్టారు. మూడో చెట్టు పడుతుండగా అవతలి చేలోంచి ఒక పెద్దాయన నడుచుకుంటూ వచ్చారు. పంచె మోకాళ్ళ దాకా ఎగగట్టి ఉంది, భుజాన తువ్వాలు. మాస్టారి వైపు కన్నెత్తి చూడలేదు. నేరుగా నా దగ్గరికి వచ్చారు.

"హద్దు రాయి చూసుకునే ముద్ర వేశారా అమ్మా?"

"కాగితాలన్నీ చూశామండీ" అన్నాను.

"కాగితాలు సరే. రాయి చూశారా?"

నా జవాబు కోసం ఆగలేదు. వచ్చిన దారినే వెళ్ళిపోయారు. మా బీట్ ఆఫీసరు కూలీల దగ్గర గునపం తీసుకుని బోదె దగ్గరికి వెళ్ళి తవ్వడం మొదలుపెట్టాడు. మూరెడు లోతున రాయి తగిలింది. దాని మీంచి రోడ్డు దగ్గరి రాయికి తాడు లాగి పట్టుకున్నాం. ఏడు చెట్లు మాస్టారి వైపు వచ్చాయి. లావుపాటి నాలుగు చెట్లూ అవతలి వైపు ఉన్నాయి.

డెల్టాలో గట్లు కదులుతాయి. ఏటా నాట్లకు ముందు దమ్ము చేసేటప్పుడు పారతో గట్టు అంచు చెక్కి, మట్టి మెత్తుతారు. ఈ చివర ఒక పార, ఆ చివర ఒక పార తేడా వచ్చినా కొన్నేళ్ళకు గట్టు వంకర తిరుగుతుంది. మొక్కలు నాటేనాటికే ఆ గట్టు బోదె దగ్గర పక్క చేలోకి వెళ్ళిపోయి ఉంది. ఏడేళ్ళకు పైగా ఆ పొలాల్లో తిరుగుతున్న నాకు ఇది తెలియని సంగతి కాదు. చెట్టు చుట్టూ సెంటీమీటరు తేడా రాకుండా కొలిచాను గానీ, చెట్టు కింద నేల ఎవరిదో చూడలేదు.

నరకడం ఆపించాను. మాస్టారికి కోపం వచ్చింది. "మీరే కదా మేడంగారూ, ఎవర్నీ పిలవక్కర్లేదన్నారు!" అన్నారు. నిజం కాబట్టి నాకూ కోపం వచ్చింది. ఆవిడ మాత్రం పడిన చెట్టు మీద కూర్చుని, "అయితే ఫాల్గుణం పోయినట్టేనాండీ?" అని అడిగింది. నాకు ఇప్పటికీ గుర్తున్నది ఆవిడ కూర్చున్న తీరే. నరికేస్తారేమోనన్నట్టు ఒక చెయ్యి ఆ మాను మీద వేసి ఉంచింది, అప్పటికే అది నేల మీద పడి ఉన్నా.

తిరిగి వస్తుంటే బీట్ ఆఫీసరు బండి వెనక నుంచి అన్నాడు: "మేడం, ఫైలింకా మన దగ్గరే ఉంది. పదకొండుని ఏడు చేసి కొత్త రిపోర్టు రాసేస్తే సరిపోద్ది. ఆ నాలుగింటి మీద ముద్రలు నేను చెక్కేస్తాను. ఎవరూ చూడరు."

ఆయన నా మంచి కోరే చెప్పాడు. ఏడాదిన్నరలో రిటైర్మెంటు, ముప్పై ఏళ్ళ సర్వీసులో ఒక్క మెమో లేదు. ఆ సంగతి కూడా నేను చాలామందికి చాలాసార్లు చెప్పాను. రెండు రోజులు ఆ ఫైలు నా బల్ల మీదే పెట్టుకుని కూర్చున్నాను. రిపోర్టు మార్చవచ్చు. కానీ మార్చితే ఆ నాలుగు చెట్లూ అసలు ఎవరి కాగితంలోనూ లేనట్టే అవుతాయి. ఆవిడ గుమ్మం ఎందుకు ఆగిందో ఎక్కడా రాసి ఉండదు. తప్పు మాస్టారిదనే మిగులుతుంది. అది నాకు మింగుడు పడలేదు. మండల సర్వేయరును పిలిపించి కొలిపించాను. ఆయనా అదే తేల్చాడు. మూడో రోజు "హద్దు చూడకుండా ముద్ర వేయించినది నేనే, నాలుగు చెట్లకు అనుమతి రద్దు చేయవలసినది" అని నా మీద నేనే రాసుకుని పైకి పంపాను.

మా రేంజ్ ఆఫీసరు నాకంటే పదిహేనేళ్ళు చిన్నవాడు. పిలిచి కూర్చోబెట్టి, కాగితం రెండుసార్లు చదివాడు.

"ఇది పంపాలా మేడం?"

"పంపాను కదండీ."

"మెమో ఇవ్వాల్సి వస్తుంది."

"ఇవ్వండి. కాకపోతే తేదీ సరిగ్గా వెయ్యండి, మీ ఆఫీసులో తేదీలు తప్పులు పోతుంటాయి."

ఆయన నవ్వాడు. మెమో ఇచ్చాడు, తేదీ సరిగ్గానే ఉంది. అదొక్కటే నా సర్వీసు రిజిస్టరులో ఉన్న మచ్చ. ఇప్పుడు మాత్రం, ఆ రిజిస్టరు మొత్తంలో నేను నిజంగా రాసిన పేజీ అదేననిపిస్తుంది.

ఇక పెద్దాయన దగ్గరికి వెళ్ళడం మిగిలింది. వెళ్ళమని ఎవరూ చెప్పలేదు. ఆయన కళ్ళంలో చేటతో ధాన్యం ఎగబోస్తున్నారు. నన్ను చూసి, ఒక గోనెసంచి దులిపి గట్టు మీద పరిచారు.

"కూర్చోండమ్మా."

"తప్పు నాదండీ. మిమ్మల్ని పిలుద్దామని మాస్టారు అడిగారు. అక్కర్లేదన్నది నేనే. ఆ మాట చెప్పడానికే వచ్చాను" అన్నాను.

ఆయన ఇంకో చేట ధాన్యం ఎగబోశారు. తర్వాత చేట కింద పెట్టి, నా వైపు తిరిగి, "వాడు అడిగాడా?" అన్నారు.

"అడిగారండీ. గట్టు మీద, మా బీట్ ఆఫీసరు ముందే అడిగారు."

"ఆ నాలుగూ నా చేలో ఉన్నాయని నాకు మొక్కలప్పట్నుంచీ తెలుసమ్మా. పీకెయ్యాలంటే అప్పుడే పీకేసేవాణ్ణి. ఆ పిల్ల కొత్తగా కాపురానికి వచ్చి, ఎండలో బిందెలు మోస్తుంటే చూసి, నా బోదెలోంచే ముంచుకోమన్నాను. ఇన్నేళ్ళు ఆ నీడలో నా వరి గిడసబారిపోతుంటే ఒక్క మాటన్నానా? నేను కలప అడగలేదమ్మా. పిలుపు అడిగాను."

ఆయనే మళ్ళీ, "ఇప్పుడా చెట్లేమవుతాయి?" అని అడిగారు.

"మీ చేలో ఉన్నాయి కాబట్టి మీవండీ. మీరు దరఖాస్తు పెడితే తప్ప ఎవరూ ముట్టుకోడానికి లేదు."

"నాకెందుకు టేకు?" అని ఆయన పని చేసుకున్నారు. నేను లేచి వచ్చేశాను. నిరాశగానే వచ్చాను, దాచడమెందుకు.

పది రోజుల తర్వాత టపాలో ఒక దరఖాస్తు వచ్చింది. నాలుగు టేకు చెట్లు, చల్లపల్లి వైపు ఊరు, సర్వే నంబరు ఆయనది. మా ఫారంలో "చెట్టు నరుకుటకు కారణము" అని ఒక గడి ఉంటుంది. అందరూ "గృహావసరములకు" అని రాస్తారు. దరఖాస్తులు నింపిపెట్టే కుర్రాళ్ళు అడక్కుండానే ఆ మాట రాసేస్తారు. ఈ ఫారంలో ఆ మాట కొట్టేసి ఉంది. దాని మీద, పెద్ద పెద్ద అక్షరాలతో, పెన్ను అలవాటు లేని చేత్తో రాసి ఉంది: "మా మరదలు గుమ్మం ఎత్తుకోవాలి."

బీట్ ఆఫీసరుకు చూపించాను. ఆయన కళ్ళజోడు తీసి తుడుచుకుని మళ్ళీ పెట్టుకున్నాడు. "టేపు నేను పట్టుకుంటాను మేడం ఈసారి" అన్నాడు.

ఈసారి ముందు హద్దు రాయి చూశాం, తర్వాత చెట్లు చూశాం. పక్క చేను ఆసామిగా మాస్టారికి నేనే కబురు పెట్టాను. ఆయన భార్యతో సహా వచ్చారు. అన్నదమ్ములు గట్టుకు చెరో చివరా నిలబడ్డారు, మాట్లాడుకోలేదు. కానీ మిగిలిన చెట్లన్నీ పడిన రోజు మాస్టారు పొద్దున్నుంచి సాయంత్రం దాకా నిలబడి, పదకొండు చెట్ల కొమ్మలూ ట్రాక్టరు మీద వేయించి పెద్దాయన దొడ్లో దింపించి వచ్చారట. ఆ రోజు నుంచి రిటైరయ్యేదాకా, పక్క చేను వాళ్ళకి కబురు చెయ్యకుండా గట్టు మీది చెట్టుకు నేను టేపు పెట్టలేదు. రూల్సులో లేదని మీరంటారు. ఔను, లేదు. వద్దని కూడా లేదు. రూలు మన చేతిలో ఉందికదా అని మనుషులు చేసుకోబోయే మంచి పనికి అడ్డం పడకండి, నేను మీకు చెప్పదలుచుకున్నది అంతే.

ఫాల్గుణం పోయింది. ఆ దంపతులు మూడు నెలల కోసం ఎనిమిదో అద్దె ఇంట్లోకి మారారు. వైశాఖంలో ముహూర్తం కుదిరింది, నన్నూ బీట్ ఆఫీసరునూ పిలిచారు. వెళ్ళేసరికి గుమ్మం పునాది మీద పడుకోబెట్టి ఉంది. ఆవిడ దాని నిండా పసుపు రాసి బొట్లు పెడుతోంది. పెద్దాయన వచ్చి ఉన్నారు, జనానికి కాస్త ఎడంగా, ఇసక గుట్ట పక్కన నిలబడ్డారు. పురోహితుడు వేళయిందన్నాడు. బరువైన గుమ్మం, నలుగురు పట్టాలి. మాస్టారు ఒక చివర పట్టుకున్నారు, వడ్రంగీ మేస్త్రీ చెరోవైపు పట్టుకున్నారు. నాలుగో మూల ఖాళీగా ఉంది. బీట్ ఆఫీసరు ముందుకు వెళ్ళబోతుంటే నేను ఆయన చొక్కా పట్టుకుని ఆపాను.

ఆవిడ పసుపు చేతులతో లేచి నిలబడి, "బావగారూ" అని మాత్రం అంది.

ఆయన తువ్వాలు తలకు చుట్టుకుని వచ్చి నాలుగో మూల పట్టుకున్నారు. గుమ్మం లేచింది. సగం లేచాక ఒక పక్కకి ఒరిగింది.

"నీ వైపు కాస్త ఎత్తరా" అన్నారు పెద్దాయన.

"ఎత్తానన్నయ్యా" అన్నారు మాస్టారు.